గడప దాటవచ్చునా?

ఇంట్లో ఒకరికి అంటువ్యాధి సోకింది. తక్కినవారందరూ బాగానే ఉన్నారు. మరి వారు బడికి, పనికి, సంతకు పోవచ్చునా? లేక ఇంటిపట్టునే ఉండిపోవాలా? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని దీనికి జవాబు చెప్పవలసినవాడు జబ్బుపడినవాడు కాడు. అతడు ఎలాగూ చాప మీద పడుకొనే ఉంటాడు. ఒంట్లో ఏ బాధా లేనివాడు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నవాడు, వీధిలోకి పోవలసిన పని ఉన్నవాడు, అతడే జవాబు చెప్పాలి. అందుకే ఇది కష్టమైన ప్రశ్న.

మాది ఆండిపట్టి. మదురై నుండి తేనికి పోయేటప్పుడు కొండల నడుమ కనుమ దాటగానే వచ్చే ఊరు. దగ్గరలోనే వైగై ఆనకట్ట ఉంది. నా చిన్నతనంలో మా ఊరు మదురై జిల్లాలో ఉండేది. 1996లో తేని జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. నాయకరాజుల కాలం నుండి మదురై సీమకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపట్ల చాలా ఉన్నాయి. మేము ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటాము. ఆటలమ్మ వస్తే తమిళులు 'అమ్మై' అంటారు. మేము 'అమ్మవారు పోసింది' అంటాము. మాటలు వేరైనా గుమ్మానికి కట్టే వేపకొమ్మ మాత్రం అందరికీ ఒకటే. దానిని చదవడానికి ఏ భాషా రానక్కరలేదు.

వేపకొమ్మ కనబడిన ఇంటికి ఎవరూ వెళ్ళరు. పాలు పోసేవాడు చెంబును గడప బయటనే నింపి పోతాడు. బిచ్చగాడు కూడా ఆ గుమ్మం ముందు నిలబడడు. ఆ ఇంటివారు పెండ్లికి పోరు, చుట్టాన్ని పిలవరు, ఇరుగుపొరుగు ఇండ్లలో కాలు పెట్టరు. పోపు వేయరు, మాంసం వండరు. వీటిలో కొన్నింటికి భక్తి కారణం, కొన్నింటికి అలవాటు కారణం. కాని అన్నిటినీ కలిపి చూస్తే ఒక తెలివైన ఏర్పాటు కనబడుతుంది. 'మా ఇంట్లో జబ్బు ఉంది, దూరంగా ఉండండి' అని ఆ కొమ్మ నోరు తెరవకుండానే ఊరికి చెబుతుంది. సూక్ష్మజీవులను గురించి ఎవరికీ తెలియని రోజులలోనే మన పెద్దలు ఈ ఏర్పాటు చేసుకున్నారు.

నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా చెల్లెలికి ఆటలమ్మ వచ్చింది. అప్పుడు మా ఇంట్లో నాయన, అమ్మ, అవ్వ, నేను, చెల్లెలు, తమ్ముడు ఉండేవాళ్ళం. నాయన మగ్గం నేసేవాడు. షావుకారు ఇచ్చిన నూలుతో చీరలు నేసి, వారానికి ఒకసారి ఆ చీరలు అప్పగించి కూలి తెచ్చుకొనేవాడు. ఆ కూలితోనే ఇల్లు గడిచేది. చెల్లెలి వీపు మీద నీటిపొక్కులు చూడగానే అవ్వ గుమ్మానికి వేపకొమ్మ కట్టింది. అమ్మ అంతటితో ఊరుకోలేదు. చెల్లెలిని ఎత్తుకొని ఆసుపత్రికి తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్ళాను. జనం తగ్గేదాకా మేము వేపచెట్టు కింద దూరంగా కూర్చున్నాము.

డాక్టరుగారు చెల్లెలిని చూసి, జ్వరానికి మందు ఇచ్చి, ఆ తరువాత ఒక విచిత్రమైన ప్రశ్న వేశారు. "ఇంట్లో ఇంతకుముందు ఈ జబ్బు ఎవరెవరికి వచ్చింది?" అని అడిగారు. అమ్మకు, అవ్వకు చిన్నప్పుడే వచ్చింది. నాకు ఆరో ఏట వచ్చింది. నాయనకు, తమ్ముడికి రాలేదు. "అయితే ఈ అబ్బాయి బడికి పోవచ్చును. ఒకసారి వచ్చినవారికి ఇది మళ్ళీ సోకడం చాలా అరుదు. మీ ఆయన, చిన్నవాడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి," అన్నారు. ఒకే ఇల్లు, ఒకే జబ్బు. కాని ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు!

డాక్టరుగారు చెప్పిన మరొక మాట నాకు ఇప్పటికీ గుర్తు ఉంది. ఆటలమ్మ సోకిన తరువాత పొక్కులు బయటపడటానికి 10 రోజుల నుండి 21 రోజుల దాకా పడుతుంది. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుండే అది ఇతరులకు అంటుతుంది. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. "కాబట్టి చిన్నవాణ్ణి ఈ వారమంతా కాదమ్మా, ఎనిమిదో రోజు నుండి మూడు వారాలు నిండేదాకా గట్టిగా కనిపెట్టు. పక్కింట్లో పసిబిడ్డలు గాని, గర్భిణులు గాని ఉన్నారా?" అని అడిగారు. పక్కింటి అక్క పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. కాన్పు దగ్గరపడిన తల్లికి ఈ జబ్బు వస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం కలుగవచ్చునని డాక్టరుగారు చెప్పారు. అమ్మ ముఖం మారిపోయింది.

తొమ్మిదో రోజుకు చెల్లెలి పొక్కులు ఎండిపోయాయి. వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలకు పోశారు. అవ్వ వేపకొమ్మ విప్పబోయింది. అమ్మ అడ్డుపడింది.

"తలకు నీళ్ళు పోశాక అమ్మవారిని సాగనంపినట్టేనే. ఇంకా కొమ్మ ఎందుకు?" అంది అవ్వ.

"అమ్మాయిని చూసి పోయింది అత్తా, అబ్బాయిని చూడకుండా పోతుందా? పక్కింటి పిల్ల గుమ్మంలోనే కూర్చొని ఉంటుంది. ఈ పన్నెండు రోజులూ కొమ్మ ఉండనీ," అంది అమ్మ.

అవ్వ ఒక్క నిమిషం ఆలోచించింది. తరువాత తానే వెళ్ళి కొత్త కొమ్మ తెచ్చి కట్టింది.

అందరికంటే ఎక్కువ బాధపడినవాడు తమ్ముడు. పదమూడో రోజున వాడి తరగతి పిల్లలను వైగై ఆనకట్ట చూపించడానికి బస్సులో తీసుకుపోతున్నారు. వాడికి జ్వరం లేదు, పొక్కు లేదు, ఒంట్లో నలత లేదు. "నాకేమీ లేదు కదా! ఎందుకు పోకూడదు?" అని నేల మీద దొర్లి ఏడ్చాడు. వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. అమ్మ కోప్పడలేదు, పంపనూ లేదు. మరునాడు, అంటే పద్నాలుగో రోజున, వాడి పొట్ట మీద నాలుగు పొక్కులు కనబడ్డాయి. మరి రెండు రోజులకు పక్కింటి అక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు.

మరి నాయన సంగతి? ఆయన మగ్గం ఇంట్లోనే కాబట్టి నేత ఆగలేదు. కాని చీరలు అప్పగించడానికి ఆయన పోకూడదు. జబ్బు ఒకసారి వచ్చిపోయినవాణ్ణి కాబట్టి, ఎండలో ఆరవేసిన చీరల మూట నేను మోసుకుపోయాను. కొట్టులో మూట తీసుకొన్నారు గాని, "అమ్మవారు పోసిన ఇల్లు కదా! లెక్క తరువాత చూద్దాం," అని కూలి ఆపేశారు. ఆ రెండు వారాలు మాకు కూలి రాలేదు. నాయన ఇంట్లో ఉండిపోవడం వలన ఊరికి మేలు జరిగింది. ఖర్చు మాత్రం మా పొయ్యి మీద పడింది. అప్పుడు మమ్మల్ని ఆదుకొన్నది పక్కింటివారే. ఆ అక్క తల్లి ప్రతి ఉదయం గడప బయట ఒక గిన్నెలో బియ్యం పెట్టి, "వదినా, గిన్నె పెట్టాను," అని కేకవేసి పోయేది. 'నా బిడ్డ కోసం మీరు ఇంట్లో ఉన్నారు. మీ కోసం నేను ఈ మాత్రం చేయలేనా?' అన్నట్టు ఉండేది ఆ కేక.

ఆ మూడు వారాలలో నేను నేర్చుకొన్నది ఇది. ఇంట్లో ఉండాలా వద్దా అన్నది ధైర్యానికి, పిరికితనానికి సంబంధించిన విషయం కాదు. దానిని లెక్కకట్టి తెలుసుకోవాలి. ఏ జబ్బు, ఏ దారిలో వస్తుంది, ఎన్ని రోజులు అంటుతుంది, ఇంతకుముందు ఎవరికి వచ్చింది, ఎవరు టీకా వేయించుకొన్నారు, ఎదుట ఉన్నవారు ఎవరు: ఇన్ని తెలిస్తేనే జవాబు దొరుకుతుంది.

అన్ని అంటువ్యాధులకూ ఇంట్లో కూర్చోవడమే మందు అనుకొంటే అదీ పొరపాటే. కలరా, టైఫాయిడు ముఖ్యంగా కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి. అక్కడ కాచిన నీరు, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన మరుగుదొడ్డి ముఖ్యం. డెంగీ జ్వరాన్ని దోమ మోసుకువస్తుంది. రోగిని దోమతెరలో పడుకోబెట్టాలి. ఇంట్లో నీళ్ళు పట్టి ఉంచిన తొట్లకు, పీపాలకు మూతలు వేయాలి. ఇంటివారు బడి మానవలసిన పని లేదు. తట్టు అలాంటిది కాదు. అది గాలి ద్వారా పాకుతుంది. దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుండి, కనబడిన నాలుగు రోజుల తరువాత దాకా అంటుతుంది. టీకా లేనివారు పదిమంది దగ్గరగా ఉంటే వారిలో తొమ్మిదిమందికి దాకా సోకవచ్చును.

క్షయ విషయంలో మన రాష్ట్ర రాజధానిలోనే ఒక గొప్ప పరిశోధన జరిగింది. ఒకప్పుడు క్షయ సోకినవారిని ఇంటికి దూరంగా, శానిటోరియంలలో నెలల తరబడి ఉంచేవారు. ఇంట్లో ఉంటే అందరికీ అంటుతుందని భయం. కాని దేశంలోని రోగులందరికీ సరిపోయే మంచాలు ఎక్కడివి? 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం ప్రారంభమైంది. అక్కడ రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును శానిటోరియంకు పంపారు. రెండవ జట్టువారు తమ ఇరుకు ఇండ్లలోనే ఉండి, అవే మందులు ఒక ఏడాది వాడారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంత బాగానే నయమైంది. అంతేకాదు, వారితో కలిసి ఉన్న కుటుంబసభ్యులకు శానిటోరియం రోగుల కుటుంబాలలో కంటే ఎక్కువగా జబ్బు రాలేదు. ఎందుకంటే సరైన మందులు మొదలైన కొద్ది వారాలలోనే రోగి నుండి వ్యాప్తి బాగా తగ్గిపోతుంది. ప్రమాదమంతా జబ్బు ఉన్నదని తెలియని రోజులలోనే ఎక్కువ. ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరునే మార్చివేసింది. కాబట్టి తండ్రికి క్షయ వచ్చినదని కొడుకును బడి మాన్పించడం తగదు. ఇంటివారందరూ పరీక్ష చేయించుకోవాలి. చిన్నపిల్లలకు ముందు జాగ్రత్తగా మందు ఇప్పించాలి.

ఇంట్లో ఉండిపోవడం వలన ప్రపంచానికి మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. మశూచిని తరిమివేయడానికి టీకా ఒక్కటే చాలలేదు. 1974, 1975 సంవత్సరాలలో మన దేశంలో మశూచి సోకిన ఇంటి ముందు రాత్రింబగళ్ళు కాపలా ఉంచారు. రోగి బయటికి పోకుండా, టీకా వేయించుకోనివారు లోపలికి రాకుండా చూశారు. చుట్టుపక్కల వారందరికీ టీకాలు వేశారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైంది. 1980 మే 8న మశూచి ప్రపంచం నుండి తొలగిపోయిందని ప్రకటించారు. గుమ్మానికి కట్టిన వేపకొమ్మ చెప్పే మాటనే ఆ కాపలావారు మరింత గట్టిగా చెప్పారని నాకు అనిపిస్తుంది.

అయితే కాపలా పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇంట్లో ఉన్నవారి కడుపు ఎలా నిండుతుంది? దీనికి రెండు పాత కథలు చెప్పుకోవచ్చును. ఇంగ్లాండులో ఈయం అనే పల్లె ఉంది. 1665లో లండను నుండి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో ఆ పల్లెకు ప్లేగు వచ్చింది. మరుసటి ఏడు ఆ ఊరివారు తమ మతగురువు మాట విని ఊరి పొలిమేర దాటకూడదని నిర్ణయించుకొన్నారు. పొరుగు ఊళ్ళవారు పొలిమేర రాళ్ళ దగ్గర ఆహారం పెట్టి పోయేవారు. ఊరివారు రాళ్ళలోని గుంటలలో పులికాడి పోసి, అందులో నాణేలు ఉంచేవారు. రెండున్నర వందల మందికి పైగా చనిపోయినా ఆ ఊరు మాట తప్పలేదు. పొరుగువారు తిండి పెట్టబట్టే అది సాధ్యమైంది.

రెండవ కథ అమెరికాలోని మేరీ మాలన్ అనే వంటమనిషిది. ఆమె ఒంట్లో టైఫాయిడు క్రిములు ఉన్నాయి గాని ఆమెకు ఏ జబ్బూ కనబడలేదు. ఆమె వంట చేసిన ఇండ్లలో మాత్రం జబ్బులు వచ్చేవి. 1907లో ఆమెను పట్టుకొని న్యూయార్కు దగ్గర ఒక దీవిలో ఉంచారు. ఇక వంటపని చేయనని మాట ఇచ్చిన మీదట 1910లో విడిచిపెట్టారు. బట్టలు ఉతికే పని దొరికింది గాని కూలి చాలలేదు. ఆమె పేరు మార్చుకొని మళ్ళీ వంటపనికే పోయింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడు వచ్చింది. వారిలో ఇద్దరు చనిపోయారు. ఆమెను మళ్ళీ దీవికి పంపారు. 1938లో చనిపోయేదాకా ఆమె అక్కడే ఉంది. మాట తప్పడం ఆమె దోషమే. కాని 'ఈ పని చేయకు' అన్నవారు 'ఇదిగో, దీనితో బ్రతుకు' అని సరిపోయే దారి చూపలేదు. ఆ లోటు ప్రాణాలు తీసింది.

2020లో కోవిడు వచ్చినప్పుడు ఈ పాత ప్రశ్న దేశమంతటికీ ఒకేసారి ఎదురైంది. మార్చి 24 రాత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ ఏప్రిలులో తమిళనాడు ప్రభుత్వం బియ్యం కార్డు ఉన్న కుటుంబాలకు 1000 రూపాయలు, ఉచితంగా రేషను సరుకులు ఇచ్చింది. అది ఎంతకాలం సరిపోయిందన్నది వేరే మాట. కాని ఇంట్లో ఉండమన్నప్పుడు ఇంట్లోకి ఏదో ఒకటి పంపాలన్న ఆలోచన మంచిది. మరొకవైపు రోగుల ఇండ్లకు అనేక చోట్ల కాగితాలు అతికించారు. ఆ జూలైలో బెంగుళూరులో రెండు ఇండ్ల వాకిళ్ళకు నగరపాలక సిబ్బంది ఏకంగా రేకులు బిగించారు. ఆ చిత్రాలు చూసి జనం నివ్వెరపోయారు. అధికారులు క్షమాపణ చెప్పి రేకులు తీయించారు. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా రోగుల ఇండ్లకు అలాంటి కాగితాలు అతికించరాదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

వేపకొమ్మ, కాగితం, రేకు - మూడూ 'లోపలికి రావద్దు' అనే చెబుతాయి. కాని వాటిలో ఎంత భేదం ఉంది! కొమ్మను ఇంటివారే కడతారు. కాగితాన్ని బయటివారు అతికిస్తారు. రేకు అయితే తలుపునే మూసివేస్తుంది. కొమ్మ కట్టిన ఇంటికి పాలు వస్తాయి, బియ్యం వస్తుంది, 'ఎలా ఉన్నారు?' అనే పలకరింపు వస్తుంది. రేకు కొట్టిన ఇంటివారు దొంగల్లాగా తలవంచుకొంటారు. అవమానం జరుగుతుందని తెలిస్తే జనం జబ్బునే దాచిపెడతారు. దాచిన జబ్బు వీధిలో తిరుగుతుంది.

పాత ఆచారమంతా మంచిదని నేను అనడం లేదు. అమ్మవారని చెప్పి డాక్టరుకు చూపించకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. జబ్బు తగ్గినవాణ్ణి చూసి కొమ్మ విప్పేస్తే, జబ్బు రాబోయేవాడు లెక్కలోకి రాకుండా పోతాడు. ఆచారంలో ఉన్న మర్యాదను, శాస్త్రంలో ఉన్న లెక్కను రెండింటినీ కలుపుకొన్నప్పుడే మనకు మేలు.

కూలి మాట కూడా మరువరాదు. ఉద్యోగుల రాష్ట్ర బీమా ఉన్న మిల్లు కార్మికుడు జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం పొందవచ్చును. ఇంట్లో మగ్గం నేసేవాడికి, కూలికి పోయే తల్లికి, తోపుడుబండివాడికి ఆ ఏర్పాటు లేదు. ఇక తాను బాగానే ఉండి, ఇతరుల క్షేమం కోసం ఇంట్లో ఆగిపోయినవాడి నష్టాన్ని ఎవరు భరిస్తారు? పెద్దవారై మీరు పంచాయతీలలో, కార్యాలయాలలో, కొట్లలో కూర్చొనే రోజు వస్తుంది. ఆనాడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు మీరే.

అందాకా మీ ఇంట్లో ఎవరికైనా అంటువ్యాధి వస్తే ముందు అది ఏ జబ్బో డాక్టరును అడిగి తెలుసుకోండి. పోవచ్చునంటే భయం లేకుండా బడికి పొండి. పోకూడదంటే, ఒంట్లో బాగానే ఉన్నా ఆగండి. మీ ఇల్లు కాక పొరుగిల్లు ఆగిపోయినప్పుడు ఆ గడప బయట ఒక గిన్నె పెట్టి, కేకవేసి పలకరించండి. ఇంట్లో ఉండిపోయినవారు ఊరికి అప్పు ఇచ్చినవారితో సమానం. ఆ అప్పు తీర్చడం ఊరి బాధ్యత.